అసిరమ్మ రాసిన నలభైతొమ్మిది

బిడ్డ పొట్ట మొదటిసారి పైకి లేవగానే అసిరమ్మ గడ్డం ఒక్కసారి కిందికి దిగుతుంది. చేతుల్లో బరువు ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఎదురైతే పెట్టే దండంలాంటిది అది. గడ్డం మళ్లీ పైకి వచ్చాక పెదవులు కదలడం మొదలుపెడతాయి.

వార్డులో అందరూ అది చూశారు. ఎవరూ అడగలేదు. యాభై రెండేళ్ల మనిషికి ఏదో ఒక అలవాటు ఉంటుంది. సిస్టర్ బేబీరాణి సూది వేసిన ప్రతిసారీ బిడ్డకంటే ముందు తనే "అబ్బా" అంటుంది. దాన్నీ ఎవరూ అడగలేదు.

అసిరమ్మ పిల్లల వార్డులో ఆయా. పోర్ట్‌బ్లెయిర్‌లో, హార్బర్ కనిపించే మిట్టమీద ఒక చిన్న ఆసుపత్రి. ఇరవై మంచాలు. పందొమ్మిదేళ్లుగా అక్కడ నేల తుడుస్తోంది, దుప్పట్లు మారుస్తోంది, తల్లులు టీ తాగి వచ్చేదాకా పిల్లల్ని ఎత్తుకుంటోంది. మూడో పని ఉద్యోగపు కాగితంలో లేదు. రోజులో ఎక్కువ సేపు చేసేది అదే.

ఇల్లు అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్‌లో. పొద్దున్నే ఫెర్రీ ఎక్కుతుంది, సాయంత్రం ఫెర్రీ దిగుతుంది. ఆ ఫెర్రీలోనే తాళ్లు విసిరి కట్టే ఉద్యోగం ఆమె భర్త గణపతిది. ఆలుమగలు ఇంట్లో కంటే నీళ్లమీదే ఎక్కువ మాట్లాడుకుంటారని అసిరమ్మ తండ్రి నూకన్న ఎగతాళి చేస్తాడు. నూకన్నకు ఎనభై దాటాయి. శ్రీకాకుళం వైపు నుంచి ఇరవై ఏళ్ల వయసులో చేపల వేటకు వచ్చాడు. రెండేళ్లు ఉండి వెళ్దామనుకున్నాడు. ఇప్పుడు వేటకు వెళ్లడు. ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తాడు, ఇతరుల వేటకు వంకలు పెడతాడు.

కిందటేడు వార్డుకి కొత్త డాక్టరు వచ్చింది. పేరు జాహ్నవి. పక్కనే ఉన్న బ్రూక్షాబాద్ పిల్ల, తండ్రి బడిపంతులు. మెయిన్‌ల్యాండ్‌లో చదువు పూర్తిచేసి తిరిగొచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. వచ్చిన నెలకే మూడు నెలల పాత చార్టులు ముందేసుకుని కూర్చుంది. ప్రతి చార్టులో ఒక గడి ఉంటుంది. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసిందో అందులో రాయాలి.

మర్నాడు బేబీరాణిని పిలిచింది.

"సిస్టర్, మన వార్డులో పిల్లలెవరూ నలభై ఒకటి పీల్చరా?"

"అంటే ఏంటి మేడమ్?"

"ముప్పై ఆరు, నలభై, నలభై నాలుగు, నలభై ఎనిమిది. మూడు నెలల్లో ఒక్క బేసి సంఖ్య లేదు."

బేబీరాణి తడుముకోలేదు. "ఇరవై మంది పిల్లలు, డ్యూటీకి ఇద్దరం. ఒక్కొక్కరి దగ్గర నిమిషం నిలబడితే మందులు ఎవరిస్తారు? పావు నిమిషం చూస్తాం, నాలుగుతో గుణిస్తాం. హిసాబ్ పక్కా."

"నాలుగో నంబరు మంచం పిల్లాడిది సాయంత్రం నలభై అని రాశారు. వాడు మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపోయాడు."

"వెళ్లేటప్పుడు బాగానే ఉన్నాడు మేడమ్," అంది బేబీరాణి.

జాహ్నవి నవ్వింది. కోప్పడి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

పిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు. కాసేపు పరిగెడుతుంది, కాసేపు నిదానిస్తుంది. అందుకే నిమిషం పూర్తిగా చూడాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు హద్దు యాభై. ఏడాది దాటితే నలభై. హద్దుకు చేరితే ఊపిరి వేగంగా ఉన్నట్టు, డాక్టరును పిలవాలి. ఒకటి తక్కువైనా పిలవక్కర్లేదు. ఊపిరితిత్తుల జబ్బు మొదట బయటపడేది ఈ లెక్కలోనే.

ఆ పూర్తి నిమిషం సిస్టర్ల దగ్గర లేదు. మరి ఎవరి దగ్గర ఉంది? జాహ్నవి రెండు రోజులు వార్డులో ఊరికే తిరిగి చూసింది. ఆయాల దగ్గర ఉంది. పైగా ఇంకొకటి కనిపెట్టింది. తెల్లకోటు దగ్గరికి వస్తే బిడ్డ ఊపిరి పెరుగుతుంది. ఆయా చీర దగ్గరికి వస్తే పెరగదు. ఆయా చేతిలో సూది ఉండదని పిల్లలకు తెలుసు.

ఆయాలకు నేర్పితే సిస్టర్లంత సరిగ్గా లెక్కపెట్టగలరా? అదే ఆమె పరిశోధన. నాలుగు వారాల శిక్షణ, ఆ తర్వాత పరీక్ష. ఏడుగురు సిస్టర్లు, ఐదుగురు ఆయాలు. పరీక్షలో నెగ్గిన ఆయా చార్టులో తన చేత్తో అంకె రాసి సంతకం పెట్టొచ్చు. నెగ్గకపోతే తుడుపుకర్ర ఎలాగూ ఉంది.

అసిరమ్మకు ఆ గడి కావాలి. ఎందుకంటే ఆమె పందొమ్మిదేళ్లుగా ఒకే మాట చెబుతోంది. "సిస్టరమ్మా, ఈ గుంట ఊపిరి బాగోలేదు." పందొమ్మిదేళ్లుగా ఒకే జవాబు వింటోంది. "నువ్వు అటు బకెట్ తియ్యి." ఆమె మాట చాలాసార్లు నిజమైంది. ఒకసారి ఒక బిడ్డను హుటాహుటిన పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. బిడ్డ బతికింది. అసిరమ్మ చెప్పిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. మాటను బకెట్ కిందికి నెట్టొచ్చు. చార్టులో అంకె ఉంటే డాక్టరు రావాల్సిందే.

"డాక్టరమ్మా, నాకు హిందీలో ఐదో క్లాసు. అంకెలు రాయగల్ను. సాలతాదా?" అని మొదటిరోజే అడిగింది.

"వంద దాకా వచ్చా?"

"చేపల బుట్ట దగ్గర పెరిగినోళ్లం. వంద దగ్గర ఆగితే ఇంట్లో అన్నం ఎట్టరు."

శిక్షణకు అందరికీ తలొక స్టాప్‌వాచ్ ఇచ్చారు, నీలంరంగు తాడుతో. అసిరమ్మ దాన్ని పుస్తెలతాడుతో పాటు మెడలో వేసుకుని ఇంటికి కూడా వెళ్లింది. ఫెర్రీలో గణపతి అది చూసి తాడు విసరడం ఒక క్షణం మర్చిపోయాడు.

"ఇదేటే? బంగారమా?"

"డూటీ వస్తువు. ముట్టుకోకు. నీ సేతులకి గ్రీజు."

"ఏటి సేస్తాది?"

"నిమిషం కొలుస్తాది."

"నిమిషం కొలవడానికి నిన్ను పెట్టారా? నువ్వు పది నిమిషాల్లో వస్తానంటే నాను వంట సేసుకుని తినేసి పడుకుంటాను కదా."

నేర్పినవి ఎక్కువేం కావు. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. చొక్కా పైకి తీయాలి. వెలుతురు పడేవైపు నిలబడాలి. పొట్టను చూడాలి, తల్లి మొహాన్ని కాదు. లెక్క తప్పితే సిగ్గుపడకుండా మళ్లీ మొదటి నుంచి. మొదటివారం రబ్బరు బొమ్మను పడుకోబెట్టి చూపించారు. "ఇది ఊపిరి తియ్యదు కదమ్మా, దీనికేం జబ్బో ముందు సూడండి," అని అసిరమ్మ అనడంతో ఆ రోజు క్లాసు ముందే అయిపోయింది.

రెండోవారం నుంచి నిజం పిల్లల దగ్గరే. ఒక్కొక్కరికీ ఒక నోటుపుస్తకం. మంచం నంబరు, బిడ్డ పేరు, వయసు, అంకె. ఆ అంకెలను చూసి వైద్యం చేయరు, అవి చేయి తిరగడానికే. అసిరమ్మ పద్ధతి వేరు. మంచం దగ్గర నిలబడి దుప్పటి మడత పెడుతున్నట్టు పెడుతుంది. బిడ్డ ఆమెను మర్చిపోతుంది. తల్లి కూడా మర్చిపోతుంది. అప్పుడు చూపు పొట్టమీదికి దిగుతుంది. బొటనవేలు స్టాప్‌వాచ్ నొక్కుతుంది. గడ్డం ఒకసారి వంగుతుంది. పెదవులు.

మిగతా ఆయాలు ఆమె దగ్గరికొచ్చి నేర్చుకోవడం మొదలుపెట్టారు. బేబీరాణి కూడా ఒకరోజు పక్కన నిలబడింది.

"అసిరమ్మా, నాకెప్పుడూ ముప్పై దాటగానే గడబడ్ అవుతుంది. నీకెందుకవదు?"

"నువ్వు తరవాత సెయ్యాల్సిన పని గురించి ఆలోచిస్తావు సిస్టరమ్మా. నాకు తరవాత పని కూడా నేల తుడవడమే. ఆలోచించడానికేటి ఉంది."

పరీక్ష ఒక శనివారం జరిగింది. ఇరవై వీడియోలు, ఒక్కోటి నిమిషం. మంచంమీద బిడ్డ, చొక్కా పైకి. ఐదు క్షణాలు ఊరికే నడుస్తుంది, తర్వాత బీప్ వినిపిస్తుంది, అక్కడి నుంచి లెక్క. ఇద్దరు డాక్టర్లు వాటిని నిదానంగా తిప్పి తిప్పి చూసి సరైన అంకెలు ముందే రాసిపెట్టారు. రెండు అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఒక్కటే గట్టి నియమం. ఇరవైలో నాలుగు వీడియోలు సరిగ్గా హద్దుమీద ఉంటాయి, యాభై లేదా నలభై. వాటిలో ఒకటికి మించి హద్దులోపల రాస్తే ఫెయిలు. లోపల రాయడమంటే జబ్బుబిడ్డను ఇంటికి పంపించడం.

సోమవారం పొద్దున గోడమీద కాగితం అంటించారు. పన్నెండు పేర్లు. పదకొండు మంది పాసు.

బేబీరాణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నేరుగా జాహ్నవి గదికి వెళ్లింది.

"మేడమ్, ఇదేం న్యాయం? నా తేడా రెండు దాకా వెళ్లిందని రాశారు, నేను పాసు. ఆవిడ తేడా ఎక్కడా ఒకటి దాటలేదు, ఆవిడ ఫెయిలా?"

"మీరు తప్పినప్పుడల్లా ఎక్కువే చెప్పారు సిస్టర్. జబ్బుబిడ్డ ఒక్కరూ తప్పించుకోలేదు. బాగున్న ఇద్దరిని కూడా పట్టుకున్నారు."

"పట్టుకుంటే పట్టుకున్నా. వాళ్లకేం నష్టం?"

"అసిరమ్మ దీదీ నాలుగూ తప్పించింది. నలభైతొమ్మిది, నలభైతొమ్మిది, ముప్పైతొమ్మిది, మళ్లీ నలభైతొమ్మిది."

ఆ నాలుగు అంకెలూ పైకి చదివాక జాహ్నవి ఆగింది. అసిరమ్మ జవాబు కాగితం మళ్లీ తీసింది. సరైన అంకెల కాగితం పక్కన పెట్టింది. తేడాలు పెన్సిలుతో రాసుకుంటూ కిందికి వెళ్లింది. ఒకటి తక్కువ. ఒకటి తక్కువ. ఇరవై గడులు, ఇరవైసార్లు ఒకటి తక్కువ.

"పొరపాటు ఇంత శుభ్రంగా ఉండదు," అంది జాహ్నవి. "ఆవిడని పిలవండి."

అసిరమ్మ తుడుపుకర్రతోనే వచ్చింది. స్టాప్‌వాచ్ అప్పటికే మెడలోంచి తీసి చేతిలో పట్టుకుంది, తిరిగి ఇచ్చేయడానికి.

"దీదీ, కూర్చోండి. ఒకసారి పైకి లెక్కపెట్టండి." జాహ్నవి ఫోనులో ఒక వీడియో పెట్టింది.

బీప్ అయింది. బిడ్డ పొట్ట లేచింది. అసిరమ్మ గడ్డం వంగింది. పొట్ట దిగి మళ్లీ లేచింది.

"ఒకటి," అంది అసిరమ్మ.

"ఆగండి. ముందు ఒకటి వెళ్లిపోయింది కదా?"

"అవును, ఎలిపోయింది."

"అది లెక్కపెట్టలేదేం?"

అసిరమ్మ ఆమెను వింతగా చూసింది. చిన్నపిల్ల అడిగే ప్రశ్నలా అనిపించింది.

"మొదటిది లెక్కలోకి రాదు కదమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు సెప్పాలేటి? మొదటిది గంగమ్మది."

వీడియోలో బిడ్డ ఊపిరి తీస్తూనే ఉంది. బేబీరాణి పవిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు సిస్టరమ్మా. మా ఒడ్డున ఎవుల్ని అడిగినా ఇదే సెప్తారు. మొదటి చేప సముద్రానికి. దాన్ని లెక్కెట్టుకుంటే బుట్ట నిండదు."

"దీదీ," అంది జాహ్నవి మెల్లగా, "యాభై పీల్చిన బిడ్డకి మీరు నలభైతొమ్మిది రాస్తున్నారు."

"అయితే మీరే ఒకటి కలిపేసుకోండి. నా లెక్కకి ఒకటి కలిపితే సరి."

"ప్రతి మంచం దగ్గరికీ నేనొచ్చి కలపలేను కదా. రాత్రి డ్యూటీ డాక్టరుకి గంగమ్మ సంగతి తెలియదు."

అది అసిరమ్మకు అర్థమైంది. అర్థమయ్యాక మొహం మారింది. వార్డులోకి వెళ్లి తన నోటుపుస్తకం తెచ్చింది. తడిచేత్తో పేజీలు తిప్పింది.

"మూడు నలభైతొమ్మిదులు ఉన్నాయమ్మా. ఏడాది లోపు పిల్లలవే. ఏడాది దాటినోళ్లలో ముప్పైతొమ్మిది ఒక్కటీ లేదు. ఈ ముగ్గురూ ఎక్కడున్నారు?"

జాహ్నవి చార్టులు తెప్పించింది. ఇద్దరికి ఆమే స్వయంగా లెక్కపెట్టింది, మందులిచ్చింది, నయమై వెళ్లారు. మూడో బిడ్డ అమ్ములు. ఎనిమిది నెలలు, ఊరు చౌల్దారీ. దగ్గుతో వచ్చి ఒక పూట ఉంది. చార్టులో ఆ రోజు సిస్టరు రాసిన అంకె నలభై ఎనిమిది. పన్నెండు నాలుగులు. హద్దులోపలే ఉందని ఇంటికి పంపేశారు.

పన్నెండు నాలుగులు ఎవరివో బేబీరాణి చెప్పలేదు. పవిట మాత్రం నోటిమీంచి తీసేసింది.

జాహ్నవి అప్పుడే ఫోను చేసింది. అమ్ములు తల్లి మంజు ఎత్తింది. బిడ్డ బాగానే ఉంది, రెండో రోజుకే దగ్గు తగ్గింది, ఇప్పుడు పాకుతోంది, ఇప్పుడే చీపురు నోట్లో పెట్టుకుంది, ఒక్క నిమిషం ఉండండి. మధ్యాహ్నానికి ఊళ్లో నర్సు కూడా వెళ్లి చూసి బాగుందనే చెప్పింది.

"విన్నారుగా దీదీ. ఏం కాలేదు."

"విన్నాను. ఫోన్లో ఊపిరి కనబడదు కదా. నాను ఎల్లి సూసి రావాలి."

"వెళ్లండి మరి, మీ సెలవు రోజున."

అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడెల్లి ఏటి సెయ్యను? మళ్లీ ఒకటి తక్కువే లెక్కెడతాను."

నియమాల కాగితంలో రెండో అవకాశం ఉంది. శుక్రవారం, కొత్త వీడియోలతో, ఒక్కసారి. జాహ్నవి స్టాప్‌వాచ్ తిరిగి తీసుకోలేదు.

మర్నాడు ఫెర్రీలో అసిరమ్మ గణపతి పొట్టను చూసింది. మొదటి ఊపిరికే "ఒకటి" అనుకుంది. గడ్డం దానంతట అదే వంగింది. తల ఊపుకీ అంకెకీ పొత్తు కుదరలేదు. పన్నెండు దగ్గర లెక్క చెదిరిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. తొమ్మిది దగ్గర చెదిరింది. నలభై ఐదేళ్ల అలవాటు.

"ఏటే అలగ సూస్తన్నావు? పొట్ట పెరిగిందా?" అన్నాడు గణపతి.

"ఆ. కానీ నాకు కావలసింది అది కాదు."

బుధవారం ఆమెకు మధ్యాహ్నమే డ్యూటీ అయిపోయింది. నూకన్న ఒడ్డున చెట్టునీడలో వల ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. అసిరమ్మ ఎదురుగా ఇసకలో కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కింది.

నూకన్న కాసేపు ఓర్చుకున్నాడు.

"ఒలే, నా పొట్టమీద ఏటా సూపు?"

"ఊపిరి లెక్కెడతన్నాను అయ్యా."

"అయిపోనాయా, ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి గాని కదలకు."

కదలకుండా ఉండడం నూకన్న వల్ల కాదు. సంగతంతా చెప్పించుకున్నాడు. ఫెయిలు దగ్గర ఒకసారి, గంగమ్మ దగ్గర రెండుసార్లు ఆపి మళ్లీ చెప్పమన్నాడు. చివరికి సూది వలలో గుచ్చి పక్కన పెట్టాడు.

"గంగమ్మకి చేప ఇచ్చాం. ఊపిరి ఎందుకిచ్చావే? పసిగుంట ఊపిరి అమ్మ ఏటి సేసుకుంటాది?"

"నువ్వు సెప్పిందే కదా అయ్యా. మొదటిది లెక్కెట్టకూడదని."

"నానెప్పుడు సెప్పాను?"

"నాకు ఆరేళ్లప్పుడు. జెట్టీమీద బుట్ట పట్టుకుని నిలబడేదాన్ని. పడవ ఇంకా ఒడ్డు తగలకముందే నువ్వు ఒక చేప తీసి నీళ్లలోకి వదిలేసేవోడివి. నాకు రెండు సేతులా బుట్ట ఉండేది. దండం ఎట్టడానికి సెయ్యి ఖాళీ లేక ఇలగ తల వంచేదాన్ని." గడ్డం వంగింది. "తరవాత నువ్వు బుట్టలోకి ఏస్తుంటే నాను లెక్కెట్టేదాన్ని."

"సరిగ్గానే సెప్పావు కదా మరి."

"ఏటి సరి? మొదటిది ఒగ్గేసి లెక్కెట్టడమే కదా అది."

నూకన్న కూతుర్ని జాలిగా చూశాడు. ఎదురుగా వల లేకపోతే ముసలాడికి ఏ విషయమూ చెప్పడం రాదు. వల అంచు లాగి ఇసకమీద పరిచాడు. ఒక గవ్వ ఏరి వలమీద పెట్టాడు.

"ఇది పడవ." ఖాళీ డబ్బా తీసి పక్కన పెట్టాడు. "ఇది నీ బుట్ట. అమ్మ చేప పడవలోనుంచే ఎలిపోద్ది. నీ బుట్ట దగ్గరికి రానేరాదు. వచ్చిందా ఎప్పుడన్నా?"

"రాలేదు."

"బుట్టలో పడ్డ ప్రతిదీ మనదే. మనది లెక్కెట్టకుండా అమ్మదని సెప్పడం దొంగలెక్క. అమ్మకి ఇచ్చీది బుట్ట మూత తియ్యకముందే ఇచ్చెయ్యాలి."

అసిరమ్మ డబ్బా వైపు చూసింది. మెడలో స్టాప్‌వాచ్ వైపు చూసింది.

"నొక్కకముందే," అంది.

"ఏటి నొక్కకముందే?"

నూకన్న పొట్ట లేచింది. గడ్డం వంగింది. అప్పుడు బొటనవేలు నొక్కింది. ఒకటి. రెండు. మూడు. పదహారు దగ్గర నిమిషం అయింది. మళ్లీ చేసింది. పదిహేడు. లెక్క చెదరలేదు.

"ఎన్నొచ్చాయి?" అన్నాడు నూకన్న.

"సాలినన్ని ఉన్నాయి, భయపడకు. వల అందుకో."

శుక్రవారం పరీక్ష గదిలో ఆమె ఒక్కతే. జాహ్నవి ల్యాప్‌టాప్ తిప్పి పెట్టింది. బేబీరాణి మందుల ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆ సమయంలో ఆ గదికి మందులు అక్కర్లేదు.

వీడియో మొదలైంది. బీప్‌కి ముందు ఆ ఐదు క్షణాలు ఉన్నాయి. మిగతా పదకొండు మందికీ అవి కళ్లజోడు సర్దుకోవడానికి, కుర్చీ లాక్కోవడానికి పనికొచ్చాయి. అసిరమ్మ ఆ ఐదు క్షణాల్లో బిడ్డ పొట్ట లేవడం చూసింది. గడ్డం వంగింది. బీప్ వచ్చేసరికి గంగమ్మది గంగమ్మకి ఇచ్చేసి ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఇరవై వీడియోలకు అరగంట పట్టింది. జాహ్నవి అక్కడికక్కడే దిద్దింది. పెన్సిలు కిందికి దిగుతుంటే బేబీరాణి ట్రేలో సీసాలు చప్పుడు చేశాయి.

"పద్దెనిమిది సరిగ్గా కలిశాయి. రెండింటిలో ఒకటి ఎక్కువ. హద్దుమీదవి నాలుగూ పట్టుకున్నారు."

"ఎక్కువ రాసినవి సిస్టరమ్మ దగ్గర నేర్చుకున్నవి," అంది అసిరమ్మ.

"పార్టీ ఎప్పుడు?" అంది బేబీరాణి.

"సోమవారం. చేపల పులుసు తెస్తాను."

"మొదటి ముక్క నాకే, చెబుతున్నా."

"మొదటిది నీది కాదు సిస్టరమ్మా. ఎన్నిసార్లు సెప్పాలి?"

జాహ్నవి ఆ సాయంత్రమే శిక్షణ కాగితంలో ఒక వాక్యం చేర్చింది. టైమర్ నొక్కే ముందు ఒక ఊపిరి ఊరికే చూడండి. కారణం రాయలేదు. బేబీరాణి దాని ప్రకారం ఒక ఊపిరి చూసి, పావు నిమిషం కాకుండా నిమిషం అంతా ముగ్గురు పిల్లల దగ్గర నిలబడింది. మొదటి బిడ్డకు ముప్పై ఏడు వచ్చింది. ఆ బేసి అంకెను చార్టులో రాసి, కాస్త దూరంగా పట్టుకుని చూసుకుంది.

మర్నాడు శనివారం, అసిరమ్మకు సెలవు. అయినా మొదటి ఫెర్రీకే ఎక్కింది.

"సెలవు కదే, ఎక్కడికి?" అన్నాడు గణపతి తాడు విప్పుతూ.

"చౌల్దారీ."

"ఎవులున్నారక్కడ?"

"ఒక నలభైతొమ్మిది ఉంది."

అవతల దిగి బస్సెక్కింది. చౌల్దారీలో అమ్ములు ఇల్లు అడిగితే బెండతోట పక్కన చూపించారు. మంజు గుమ్మంలో కూర్చుని బెండకాయలు బుట్టల్లోకి సర్దుతోంది. ఆయాను గుర్తుపట్టి కంగారుగా లేచింది.

"ఏమైంది దీదీ? డాక్టరుగారు పంపారా?"

"ఎవులూ పంపలేదు. గుంటని సూసి పోదామని వచ్చాను."

అమ్ములు గచ్చుమీద పాకుతోంది. కొత్త మనిషిని చూసి మొహం ముడిచింది, ఏడుద్దామా అని ఆలోచించింది. అసిరమ్మ దానివైపు చూడలేదు. బుట్ట దగ్గర కూర్చుని బెండకాయలు సర్దడం మొదలుపెట్టింది. ముదిరినవి ఒకవైపు, లేతవి ఒకవైపు. కాసేపటికి బిడ్డ ఆమెను మర్చిపోయింది. వెల్లకిలా పడుకుని కాలివేలు పట్టుకుంది. చొక్కా దానంతట అదే పైకి జరిగింది.

పొట్ట లేచింది. అసిరమ్మ గడ్డం వంగింది. బొటనవేలు నొక్కింది.

ముప్పై ఆరు.

సంచిలోంచి నోటుపుస్తకం తీసి అమ్ములు పేరున్న పేజీ తిప్పింది. నలభైతొమ్మిదిని కొట్టేయలేదు. పక్కన ముప్పై ఆరు అని రాసింది. మంజు టీ పెడతానంటే సరేనంది, లేత బెండకాయల వైపు జరిగి కూర్చుంది.